నిజశబ్దార్థ విచారము

తెలుఁగువాఁడు దినమున కెన్ని మాఱు లుచ్చరించునో లెక్క పెట్టరాని మాటలలో 'నిజము' ఒకటి. విన్నదానిని నమ్మలేనప్పుడు "నిజమా?" అని యడుగును, ఎదుటివానిని నమ్మింపవలసినప్పుడు "నిజముగా" అని నొక్కి పలుకును. విజయనగర ప్రాంతమున "నిజమేటి?" అను ప్రశ్న వీథివీథిని వినఁబడును. పలికిన పలుకు బొంకు కానిదైన నిజము. కొన్న నగ కల్తీ లేనిదైన నిజమైన బంగారము. ఇంత ప్రచారము గల యీ మాట సంస్కృతమునుండి వచ్చినదని యెల్లరు నెఱుఁగుదురు. కాని యీ రెండర్థములలో నేదియు సంస్కృతకోశములందుఁ గానరాదు. సంస్కృతమే కాని తెలుఁ గెఱుఁగని పండితునితో 'నిజం వద' అన్నచో, సత్యము చెప్పుమనుచున్నారని యాతఁడు గ్రహింపఁడు. 'నీ స్వకీయమైనదానిని జెప్పుము' అని గ్రహించి, ఏది స్వకీయమని తిరిగి యడుగును. ఒక్క యక్షరమైన మాఱకుండ వచ్చిన శబ్దము అర్థమున నింత దూర మెట్లు పోయినది? ఇది తెలియక చేసిన యపప్రయోగమా, లేక భాష తన న్యాయమునఁ దాను సంపాదించుకొన్న సొత్తా? ప్రాచీనకావ్యములు చదువు విద్యార్థులు దినదినము పొరపడుచున్న తావు గనుక దీనిని గొంత విపులముగా విచారించుట యవసరము.

ముందుగా వ్యుత్పత్తి. 'ని' యను నుపసర్గము పూర్వమం దుండఁగా 'జన్' ధాతువుమీఁద 'డ' ప్రత్యయము వచ్చి నిజశబ్దము సిద్ధించును. పాణినీయమున మూఁడవ యధ్యాయము రెండవ పాదమున 97వ సూత్రము మొదలుకొని జనిధాతువునకు డప్రత్యయమును విధించు ప్రకరణ మున్నది. అందు 99వ సూత్రము ఉపసర్గము పూర్వమం దున్నప్పుడు సంజ్ఞావిషయమున నా ప్రత్యయమును జెప్పును. ప్రజాశబ్దము దాని కుదాహరణము. నిజశబ్దము సంజ్ఞ కాదు గనుక దీనిని 101వ సూత్రముచే సాధించుటయే మేలు. ఆ సూత్రమందలి 'అపి' శబ్దము నిబంధనల నన్నిటిని సడలించుటకే యని కాశికాకారులు వ్రాసిరి. ప్రత్యయమందలి డకార మిత్తగుటచే ధాతువునందలి 'అన్' భాగము లోపించి 'జ' మిగులును. జలజ, సరసిజ, ద్విజ శబ్దములలోని 'జ' యు నిదియే. ప్రక్రియ యింతే, ఇందు వివాదమునకుఁ దావు లేదు.

సారమంతయు నుపసర్గమునం దున్నది. 'ని' యనఁగా లోపల, దిగువకు, కదలకుండ అను నర్థములు గలవు. నివాసము, నిధి, నిసర్గము అను శబ్దములఁ జూచిన నది తేటపడును. నిత్యశబ్దము సైత మీ 'ని' మీఁదఁ బుట్టినదే. నాలుగవ యధ్యాయమున 'త్యప్' ప్రత్యయమును జెప్పు తావున (4.2.104) ధ్రువార్థమున 'ని' మీఁదను అది వచ్చునని వార్తికకారుఁ డనుశాసించెను. కావున నిజమనఁగా లోపలనే పుట్టినది, తనతోఁ బుట్టినది, వెలుపలినుండి వచ్చి చేరనిది. అమరసింహుఁడు నానార్థవర్గమున దీనికి స్వకీయము, నిత్యము అను రెండర్థములను మాత్రమే చెప్పి, మూఁడు లింగములందును వర్తించునన్నాఁడు. తనతోఁ బుట్టినది తనదే యగును, తన్ను వీడదు. ఈ రెండర్థము లొక్క కొమ్మను బూచినవే. ఆ యమరసింహుఁడే శబ్దాదివర్గమున సత్యమునకుఁ బర్యాయములను జెప్పినప్పుడు తథ్యము, ఋతము, సమ్యక్కు అను శబ్దములను జేర్చెనుగాని నిజశబ్దమును జేర్చలేదు. కోశకారుని మౌనము కొన్నియెడల వాక్కుకంటె బలమైన సాక్ష్యము.

కళింగదేశమున నీ ప్రాచీనార్థము రాగిఱేకులమీఁద నేఁటికిని నిలిచియున్నది. శ్రీకాకుళ మండలమున వంశధారాతీరమునందలి ముఖలింగమే తూర్పుగాంగుల కళింగనగరమని పలువురు చారిత్రకుల యభిప్రాయము. ఆ రాజుల తొలినాఁటి తామ్రశాసనములు సంస్కృతమున వ్రాయఁబడినవి. వానిలోఁ బెక్కింట రాజును 'నిజనిస్త్రింశధార'చే సకలకళింగాధిరాజ్యము నార్జించినవాఁడని వర్ణించుట పరిపాటి. నిస్త్రింశమనఁగా ముప్పది యంగుళములకు మించినది, ఖడ్గము. తన కత్తివాదరతో రాజ్యము గడించెను, తాతతండ్రులిచ్చినది గాని పరులు పెట్టినది గాని కాదు అని యక్కడి భావము. తెలుఁగు మాత్రమే తెలిసిన బాలుఁడు దీనిని జదివి 'నిజమైన కత్తి' అని యర్థము చెప్పినచో, గాంగరాజునకుఁ గొయ్యకత్తు లెన్ని యుండెనో యని యుపాధ్యాయుఁడు నవ్వవలసివచ్చును. నవ్వు సరియే, కాని బాలుని దోషము స్వల్పము. వానికి నింట నేర్పిన యర్థమది.

తెలుఁగు కావ్యములందును సంస్కృతసమాసములలో నీ శబ్దము పూర్వార్థమునే పట్టియున్నది. నిజగృహమన్న దన యిల్లు, నిజభార్య యన్న దన భార్య, నిజసోదరుఁ డన్నఁ దన తోఁబుట్టువు. 'నిజభార్య' యను పదము గనఁబడినప్పుడు కథలో మఱియొక దొంగభార్య యున్నదేమో యని శంకించు విద్యార్థులు లేకపోలేదు. సమాసమునుండి విడివడి 'నిజము' అని నిలిచినప్పుడు మాత్రము తెలుఁగున నది సత్యవాచకమే. అనఁగా నొకే శబ్దము ఒకే భాషలో, ఒక్కొక్కప్పు డొకే పద్యములో, చుట్టునున్న మాటలనుబట్టి రెండర్థములతోఁ దిరుగుచున్నది.

ఈ రెండర్థములను గలిపిన వంతెన యేది? ప్రకృతవిచారమున నిదియే ముఖ్యమైన తావు. 'నిజరూపము' అను సమాసమును బరిశీలించినఁ గొంత వెలుఁగు గలుగును. రామాయణకథలో మారీచుఁడు బంగారులేడియై వచ్చును. బాణము తగిలి పడునప్పుడు లేడిరూపమును విడిచి నిజరూపమును బొందును. సంస్కృతమున నిచట 'తన రూపము' అనియే యర్థము. కాని వినువాని మనస్సున నేమి మెదలును? ఇంతసేపు చూచినది మాయ, ఇప్పుడు కనఁబడునది యథార్థమని. తన రూపమే యసలు రూపము. తనది కానిదే కల్ల. 'తనది' అన్నను 'సత్యమైనది' అన్నను ఇచట వాక్యార్థము చెడదు. రెండర్థములు నొక్కచోటఁ బొసగు నిట్టి ప్రయోగములనుండియే శబ్దము నూతనార్థమును గ్రహించును. పాత యర్థమున నొకఁడు చెప్పును. వినువాఁడు క్రొత్త యర్థమున గ్రహించును. ఇరువురకును బొరపాటు తోఁపదు. కొన్ని తరములు గడచునప్పటికి వినినవాని యర్థమే పైచేయి యగును.

విరాటపర్వకథ దీనికి మఱింత యనుకూలము. పాండవులు కంకుఁడు, వలలుఁడు, బృహన్నల మొదలగు పేళ్లతో విరాటుని కొలువున నొక యేఁడు గడపిరి. గడువు తీఱినపిదప వారు నిజనామములను వెల్లడించిరనఁగా దమ పేళ్లను జెప్పిరని యొక యర్థము, అసలు పేళ్లను జెప్పిరని మఱియొక యర్థము. తిక్కన భారతము పురాణముగా వినుచుఁ బెరిగిన తెలుఁగువారికి నీ రెండింటి నడుమ నెడము దోఁచి యుండదు. విజయనగరమునకే తగిన యుదాహరణము కావలెనన్న గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము గలదు. 1892లో నీ పట్టణముననే తొలుత ప్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో మాఱురూపమున వెలువడిన యా నాటకమునఁ గరటకశాస్త్రి శిష్యుఁడు ఆఁడుపిల్ల వేషము వేసి ముసలి లుబ్ధావధానులకుఁ బెండ్లికూఁతు రగును. వేషము తీసినపిదప మిగిలిన మగపిల్లవాని రూపము వాని స్వకీయరూపమా, యథార్థరూపమా? రెండును. కథలన్నియు వేషము చుట్టును దిరుగు దేశమునఁ 'దనది' అను మాట 'సత్యము'గా మాఱుటలో వింత లేదు.

పంచాంగము చేసిన యుపకారము గూడఁ దక్కువది కాదు. సూర్యసంక్రమణము లేని చాంద్రమాసము అధికమాసము. సంక్రమణము గలది నిజమాసము. సూక్ష్మముగాఁ జూచిన నిచటను 'నిజ' యనఁగాఁ దనకుఁ దగిన సంక్రాంతిని దనలో నుంచుకొన్నదనియే చెప్పవచ్చును. కాని పంచాంగశ్రవణము చేయు గృహస్థునకుఁ దోఁచున దది కాదు. ఒకే పేరు గల రెండు నెలలు వచ్చినప్పుడు ఏది లెక్కకుఁ జెల్లునది, ఏది చెల్లనిది యనియే యాతని ప్రశ్న. పెండ్లిండ్లు, వ్రతములు, పండుగలు నిజమాసముననే గాని యధికమాసమునఁ గావు. శార్వరి సంవత్సరమున, అనఁగా 2020లో, సెప్టెంబరు 18 మొదలు అక్టోబరు 16 వఱకు అధికాశ్వయుజము నడచెను. ఆ నడుమ సంక్రమణము లేదు. తులాసంక్రమణము అక్టోబరు 17న నిజాశ్వయుజారంభమునఁ బడెను. విజయదశమి పిమ్మటి మంగళవారమున విజయనగరమునఁ బైడితల్లి యమ్మవారికి సిరిమానోత్సవము జరుగుట యాచారము. ఆ యేఁ డాశ్వయుజములు రెండు వచ్చినను, అధికాశ్వయుజమును గడవనిచ్చి, అక్టోబరు 27న నిజాశ్వయుజముననే సిరిమాను లేచినది. 'ఈ నెల నిజమా, అధికమా?' యని యడుగునప్పుడు గృహస్థుఁడు నిజశబ్దమును గల్లకుఁ బ్రతియోగిగానే వాడుచున్నాఁడు. ఔత్తరాహ పంచాంగములలో నీ తావున శుద్ధశబ్దము తఱచు; దక్షిణాదిని నిజశబ్దమే నిలిచినది.

వైద్యశాస్త్రము మాత్ర మిందుకు లొంగలేదు. చరకసంహితలో రోగములు నిజములని, ఆగంతువులని విభజింపఁబడినవి. శరీరమందలి వాతపిత్తకఫముల వైషమ్యముచేఁ గలిగినవి నిజములు. దెబ్బ, విషము, అగ్ని మొదలగు బాహ్యహేతువులచేఁ గలిగినవి యాగంతువులు. కాలు విఱిగినవానితో నీది నిజరోగము కాదని సంస్కృతపరిభాషలోఁ బలుకు వైద్యుఁడు, ఆ మాట తెలుఁగున నెట్లు వినఁబడునో ముందుగా నాలోచించుకొనుట మంచిది.

ఇఁక నీ యర్థభేదమునకు దేశవ్యాప్తి. విజయనగర, శ్రీకాకుళ మండలములు రెండు భాషాకుటుంబముల సరిహద్దున నున్నవి. ఇచ్ఛాపురము దాఁటి యుత్తరమునకుఁ బోయిన నోఢ్రభాష. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి యందుఁ జేరెను. అందుచేతనే గిడుగు రామమూర్తిపంతులుగారు చిరకాలవాసమైన యా పట్టణమును విడిచి రాజమహేంద్రవరమునకుఁ బోయిరి. ఓఢ్రభాషలో 'నిజ' యన్నఁ దన యనియే నేఁటికిని వాడుక. 'నిజ ఘర' యనఁగా సొంత యిల్లు. సత్యమునకు వారు సత్యశబ్దభవమైన 'సత' యను మాటను వాడుదురు. వంగభాషలో 'నిజే' యన్నఁ దాను. హిందీలో 'నిజీ' యన్న సొంతమైనది. దక్షిణమునకు మరలినఁ దెలుఁగున నిజము, కన్నడమున నిజ, అరవమున నిజం, మలయాళమునను నిజం: నాలుగింట నది సత్యవాచకము. భాషలు మాఱు చోటనే యర్థమును మాఱినది. ఒకే సంతలో నొకే శబ్దమును బలికి ఓఢ్రుఁ డొకటి, ఆంధ్రుఁ డొకటి గ్రహింపఁగల తావు ఈ దేశమున నీ సరిహద్దే.

నాలుగు దాక్షిణాత్యభాషలు నొకే త్రోవను బట్టుట యాదృచ్ఛిక మని త్రోసివేయరాదు. ఒకదానినుండి మఱియొకటి గ్రహించినవో, దక్షిణదేశపు సంస్కృతపాఠశాలలలోఁ గలిగిన సంస్కారమే యన్నిటికిఁ బ్రాఁకినదో, యేదియైనను దెలుఁగువాఁ డొక్కఁడే చేసిన పొరపా టనుటకు వీలు లేదు. అరవమున 'మెయ్' అను శబ్దము శరీరమునకును సత్యమునకును వాచకముగా నుండుట యిచట స్మరింపఁదగినది. తెలుఁగున 'మెయి' శరీరముతోనే యాఁగిపోయినది. తనకుఁ దగిలియున్నదే సత్యమను తలఁపు దక్షిణదేశమునకుఁ గ్రొత్త కాదేమో యని మాత్రము దీనివలన నూహింపవచ్చును. అంతకుమించి చెప్పుట సాహసము.

అర్థముతోఁ బాటు శబ్దము యొక్క జాతియు మాఱినది. సంస్కృతమున నిజశబ్దము విశేషణము, విశేష్యమునుబట్టి లింగమును గ్రహించును. తెలుఁగున నది నామము: నిజము చెప్పెను, నిజమును దాఁచెను, నిజమునకు నిలిచెను. నామమైపోయినందుననే దానిని మరల విశేషణము చేయుటకు 'ఐన' యను శబ్దము కావలసివచ్చినది, నిజమైన మిత్రుఁడు. కర్మధారయమున మువర్ణమునకుఁ బువర్ణము వచ్చు తెలుఁగు విధిచే 'నిజపు మాట' యనియు నగును. ఇదియే చదువరికి మంచి గుఱుతు: సంస్కృతశబ్దమునకు ముందు 'నిజ' యని యున్నచోఁ బ్రాచీనకావ్యములందుఁ 'దన' యని తొలుత యర్థము చెప్పిచూడవలెను, 'నిజపు', 'నిజమైన' అని యున్నచో సత్యార్థము తప్ప మఱియొకటి కుదురదు. వ్యాకరణకార్యము జరిగినచోట నర్థము స్థిరపడినది.

మఱియొక విశేషము. నిజమునకుఁ దెలుఁగున జోడైన 'అబద్ధము' సైతము సంస్కృతమున బొంకు కాదు. అబద్ధమనఁగాఁ గట్టఁబడనిది, పొందిక లేనిది. అర్థము లేని మాటకు నమరసింహుఁడు దానిని బర్యాయముగాఁ జెప్పెను. వెఱ్ఱివాఁడు పలుకు పొందిక లేని పలుకు సంస్కృతమున నబద్ధము. తెలివిగలవాఁడు చక్కఁగాఁ బొందించి పలికిన బొంకు తెలుఁగున నబద్ధము. నిజాబద్ధము లను జంటలో రెండు రూపములును సంస్కృతములే, రెండర్థములును గావు. అనుమానము, ఉద్యోగము, అవసరము మొదలగు శబ్దములును నిట్లే మాఱినవి. సంస్కృతమున ననుమానము హేతువుచే సాధించు జ్ఞానము. తెలుఁగున నది సందేహము. ఈ పదముల నన్నిటిని దోష మనినచోఁ దెలుఁగువాఁడు నోరు మెదపరాదు.

ద్వీపాంతరభాషలఁ జూచినచో నీ మార్పునకు మఱింత బలము చేకూరును. ఆంగ్లమున యథార్థమైనదానికి 'జెన్యుయిన్' అందురు. దాని మూలము లాటినుభాషలోని 'గెనుఈనుస్'. సహజమైనది, పుట్టుకతో వచ్చినది యని యర్థము. అందలి 'గెన్' ధాతువును, మన 'జన్' ధాతువును నొక్క తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. యవనభాషలో 'గ్నేసియోస్' అను శబ్దము మొదట ధర్మపత్నికిఁ బుట్టిన బిడ్డకు, ఔరసునకు, వాచకమై పిదప యథార్థమైన వస్తువునకెల్లఁ జెల్లెను. దానికిని ధాతు వదియే. ఒకరి నొకరు చూచి నేర్చినవారు కారు. అయినను లాటినువారు, యవనులు, దాక్షిణాత్యులు జనిధాతుభవమైన శబ్దమునుండియే కల్తీలేనిదను నర్థమును దీసిరి. పుట్టుకతో వచ్చినదే నమ్మఁదగినది, తెచ్చిపెట్టుకొన్నది కాదను తలఁపు మానవులకెల్ల సామాన్యముగాఁ దోఁచుచున్నది.

ఈ యర్థమునఁ దెలుఁగునఁ బ్రచారమునం దున్న తక్కిన మాటలను గూడ నొక్కసారి చూడవలసియున్నది. 'అసలు' అరబ్బీశబ్దము, వేరు, మొదలు అని యర్థము. అప్పిచ్చువానికి వడ్డీ కానిది యసలు. పత్రములలో నకలు కానిది యసలు. వేరునుండి యథార్థమునకు వచ్చినది గనుక దీని నడకయు నిజశబ్దపు నడకయే. శ్రీకాకుళము ఫౌజుదారుల యేలుబడిలో నొక సర్కారుగా నుండి, 1753లో సలాబతుజంగుచేఁ బరాసువారి కీయఁబడి, పిమ్మట నాంగ్లేయుల వశమైనది. జమాబందీలు, కౌళ్లు, నకళ్లు నడచిన యా కాలపు కచ్చేరీలనుండి యిట్టి పదములు వాడుకకు వచ్చినవి. అచటివారు నిజాము అనుటను విని యది నిజశబ్దభవమని భ్రమించువారు గలరు. అది యరబ్బీలో నేర్పాటు, వ్యవస్థ యను నర్థము గల వేఱొక శబ్దము. ధ్వనిసామ్యము తప్ప సంబంధము లేదు.

'నిఖార్సు' అను మాట చిత్రమైనది. నిఖార్సైన నేయి, నిఖార్సైన మనిషి యని వాడుక. హిందీలోని 'నిఖాలిస్' దీనికి మూలము. అందు 'ఖాలిస్' అరబ్బీశబ్దము, శుద్ధమని యర్థము. హిందీలో 'ని' తఱచుగా లేమిని జెప్పును, 'నిడర్' అనఁగా భయము లేనివాఁడు. ఆ లెక్కను నిఖాలిస్ అనఁగా శుద్ధి లేనిది కావలెను. అయినది మిక్కిలి శుద్ధమైనది. కల్తీలేనితనమును జెప్పు మాటలో నొక దేశపు టుపసర్గము, మఱియొక దేశపు ప్రకృతి కలిసియుండుట, లకారము రేఫముగా మాఱి తెలుఁగున స్థిరపడుట, ఇట్టి సంకరమునుండి శుద్ధివాచక మేర్పడుట, భాషకు వంశశుద్ధియందు మనుష్యులకున్న పట్టుదల లేదనుటకుఁ జాలిన సాక్ష్యము. 'నిజాయితీ' యు నిట్టిదే. దాని పూర్వభాగమున నిజశబ్దము వినఁబడుచున్నది. కడపటిభాగము పంచాయితీ, కిఫాయితీ యను మాటల ధ్వనిని బోలియున్నది. పండితుఁ డెవ్వఁడును దీనిని సూత్రముచే సాధింపలేఁడు, అయినను నిజాయితీ లేనివాఁడన్న నిందను భరింపలేఁడు.

ఇఁక దేశ్యమైన 'నిక్కము'. కన్నడమున నిక్కువ మను శబ్దము గలదు; తెలుఁగునను నిక్కువ మను రూపము గలదు. కావ్యములందును వేమన్న పద్యములందును నిక్కమునకు మంచి ప్రతిష్ఠ యున్నది, కాని నేఁడు మాటలాడునప్పుడు నిక్కమని పలుకువాఁ డరుదు. నిజశబ్దము దాని చోటి నాక్రమించినది.

అచ్చతెలుఁగు నియమము నీ విషయమున నిలిపి చూచిన నొక చిక్కు బయలుపడును. బొబ్బిలి చేరువ నజ్జాడలో 1864లో జన్మించి, విజయనగరమున సంగీతకళాశాల కధ్యక్షుఁడై 1945లో నస్తమించిన యాదిభట్ల నారాయణదాసుగారు, ఓమరుఖయ్యాము పద్యములను సంస్కృతమునను అచ్చతెలుఁగునను బరివర్తించి 1932లోఁ బ్రకటించిన ప్రజ్ఞాశాలి. అంతకు మూఁడువందల యేండ్లకుఁ బైగా ముందే పొన్నికంటి తెలగన యయాతిచరిత్రతో నా త్రోవ వేసెను. ఆ నియమము ప్రకారము దేశ్యములును దద్భవములును గ్రాహ్యములు, తత్సమములు త్యాజ్యములు. కావున యజ్ఞమునుండి వచ్చిన 'జన్నము' లోపలికి వచ్చును. 'నిజము' వెలుపలనే నిలువవలెను. జన్నములో నర్థము పూర్తిగా సంస్కృతమే, రూపము మాత్ర మఱిగినది. నిజములో రూపము సంస్కృతము, అర్థము దక్షిణదేశమునఁ బుట్టినది. రూపముఁ జూచి తీర్పు చెప్పు నియమము వేషమును జూచి మనుష్యుని నిర్ణయించుట వంటిది. కవులు స్వచ్ఛందముగాఁ బెట్టుకొన్న నియమమునకు వంక పెట్టఁ బనిలేదు. అది సాముగరిడీ వంటి విద్య, దానియందలి శ్రమ మాన్యమే. కాని యా నియమమునే కోశరచనకును భాషానిర్ణయమునకును బ్రమాణముగాఁ దీసికొనరాదు.

తత్సమ మనునప్పుడు 'తత్' అనఁగా సంస్కృతము, 'సమము' అనఁగాఁ దుల్యము. రూపమున నిజశబ్దము తుల్యమే, అర్థమునఁ గాదు. అర్థము మాఱిన తత్సమములను బ్రత్యేకముగా గుర్తించుటకు వ్యాకరణములందు సంజ్ఞ యేర్పడకపోవుటచేతనే, సంస్కృతపండితుఁడు తెలుఁగు వాడుకను దోషముగాఁ జూచుటయు, తెలుఁగు చదువరి కావ్యప్రయోగమును దప్పుగా గ్రహించుటయు సంభవించుచున్నవి. 1852లో వెలువడిన బ్రౌనుదొర నిఘంటువు మొదలుకొని కోశములు రెండర్థములను జెప్పుచునే యున్నవి. ఒక్క పదముక్రింద రెండింటిని గలిపి చెప్పుట మాత్రము చిక్కునకుఁ గారణము. 'నిజ' యను సమాసపూర్వపదమును, స్వకీయార్థముతో, ఒక యారోపముగాను; 'నిజము' అను నామమును, సత్యార్థముతో, కన్నడారవములను జూపి, వేఱొక యారోపముగాను వ్రాయుట మేలు. నిజరూపము, నిజనామము, నిజస్వభావము అను నుభయసాధారణములను రెంటను జూపి, సందర్భమునుబట్టి గ్రహింపుమని సూచింపవలెను. విద్యార్థి కావ్యమునఁ 'దన' యను నర్థమును దొలుతఁ బెట్టి చూచి, అది పొసఁగనిచోటనే సత్యార్థమును బెట్టవలెను. వాడుకమాటలోనైన నీ వరుస తాఱుమాఱగును.